గడప ముందు నిమ్మకాయ, రాత్రి మూడింటి భయం

ప్రభువు నామంలో వందనాలు అమ్మా. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా అమ్మాయి ఈడుదానివి, అందుకే నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీ మాటల్లో నాకు అర్థమైంది ఇదీ. రెండు నెలలుగా రాత్రి మూడు గంటలప్పుడు మెలకువ వస్తోంది. కళ్లు తెరుచుకుంటాయి గానీ కాలూ చెయ్యీ కదలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నంత బరువు, గది మూలన నల్లటి ఆకారం. అరుద్దామంటే గొంతు పెగలదు. పక్కనే నాలుగేళ్ల బాబు పడుకుని ఉంటాడు. మీ ఆయన ఉద్యోగం పుణేలో. నీది ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. ఇంతలో అమావాస్య మర్నాడు గడప ముందు కోసిన నిమ్మకాయ, పసుపు కుంకుమ కనిపించాయి. మీ అత్తగారు చేతబడి అన్నారు, మేడ మీద ఉండే నీ తోడికోడలి మీద అనుమానపడ్డారు. ఎవరో చెబితే ఒక దైవజనుడి దగ్గరికి వెళ్లారు. ఇంటి మీద శాపం ఉందని, 21 రోజులు ఉపవాసం ఉండి, కానుక చెల్లించి, నూనె తీసుకెళ్లి గుమ్మాలకు పూయమని ఆయన చెప్పారు. అంతా చేశావు. అయినా ఆగలేదు. ఇప్పుడు నీ ప్రశ్న: "నా విశ్వాసంలో లోపం ఉందా? దేవుడు నన్ను వదిలేశాడా?"

ముందు దీనికే జవాబు చెబుతాను. వదల్లేదమ్మా. రోమా పత్రిక 8వ అధ్యాయం చివర పౌలు దేవుని ప్రేమ నుండి మనల్ని ఎడబాపలేనివాటిని పేరుపేరునా రాశాడు. అందులో మరణం ఉంది, ప్రధానులు ఉన్నారు, అధికారులు ఉన్నారు. నువ్వు భయపడుతున్నవన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

నేను 31 ఏళ్లు నర్సుగా పనిచేశాను. మా వారు పాస్టరు. పగలంతా వార్డులో రోగులు, ఇంటికి వస్తే వరండాలో ప్రార్థన కోసం కూర్చున్న మనుషులు. రెండు చోట్లా భయాన్ని దగ్గరగా చూశాను. దానికంటే ముందు నా ఒంటి మీదే చూశాను.

నాకు 26 ఏళ్లప్పుడు, మొదటి బిడ్డ ఐదో నెలలో కడుపులోనే పోయింది. సెలవు అయిపోగానే వరసగా నైట్ డ్యూటీలు వేశారు. మా వారు ఊళ్లలో సువార్త కూటాలకు వెళ్లేవారు. ఒక రాత్రి క్వార్టర్స్‌లో ఒక్కదాన్నే పడుకుంటే సరిగ్గా నీకు జరిగినట్టే జరిగింది. కిటికీ పక్కన ఎవరో నిలబడ్డారు. యేసయ్యా అనబోతే పెదవి కదల్లేదు. కదలిక వచ్చాక తెల్లవారేదాకా లైటు వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. మూడో రోజుకల్లా పడక గదిలోకి వెళ్లాలంటేనే చేతులు చల్లబడేవి. పాస్టర్ గారి భార్యను కదా, ఇది ఎవరితోనైనా చెప్పుకుంటే ఏమనుకుంటారోనని నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవడమే భయాన్ని పదింతలు చేసింది.

మా కాంపౌండ్‌లో ఒక బైబిల్ స్త్రీ, అంటే ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే ఆవిడ, ఉండేది. పెద్దమ్మ అనేవాళ్లం. నా మొహం చూసి ఏమీ అడక్కుండానే ఆ సాయంత్రం చాప చుట్టుకుని వచ్చింది. టిఫిన్ బాక్సులో రాగి జావ తెచ్చింది. గ్లాసులో పోసి, మొత్తం తాగేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత 91వ కీర్తన చెప్పమంది. గబగబా అప్పజెబుతుంటే "రాత్రివేళ కలుగు భయమునకైనను" దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది. "చూశావా, రాత్రి భయం అనేది ఉంటుందని దేవుడికి తెలుసు. పేరుతో సహా రాయించాడు. నీకు అది వచ్చిందని ఆయన ఆశ్చర్యపోడు" అంది. మళ్లీ అక్కడి నుంచి నెమ్మదిగా, "నీవు భయపడకుందువు" దాకా చెప్పించింది. ఆ రాత్రి నా మంచం పక్కనే చాప వేసుకుని గురక పెట్టి నిద్రపోయింది. నేనూ నిద్రపోయాను, చాలా రోజుల తర్వాత.

ఆమె చేసిన పని అర్థం కావడానికి నాకు ఏళ్లు పట్టింది. తిండి పెట్టింది, వాక్యం పలికించింది, పక్కన పడుకుంది. నీకు నేను చెప్పబోయేదంతా ఆ మూడు పనుల లోపలే ఉంది.

ముందు శరీరం సంగతి. నీకు జరుగుతున్నది చాలామట్టుకు డాక్టర్లు స్లీప్ పెరాలిసిస్ అనేదే. కలలు వచ్చే నిద్రలో మన కండరాలు కదలకుండా మెదడు వాటిని ఆపి ఉంచుతుంది. లేకపోతే కలలో పరిగెత్తిన ప్రతిసారీ మంచం మీంచి పడిపోతాం. ఒక్కోసారి మనిషికి మెలకువ ముందు వస్తుంది, ఆ కట్టు తర్వాత విడుతుంది. మధ్యలో ఉన్న ఆ కొన్ని క్షణాలు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు, మనిషి మేలుకునే ఉంటాడు, ఒళ్లు కదలదు, కల ఇంకా కళ్ల ముందే నడుస్తుంటుంది. ఛాతీ మీద బరువు, మూలన ఆకారం, ఎవరో ఉన్నారనే భావం, ఇవన్నీ అందులో భాగమే. అన్ని దేశాల వాళ్లూ, అన్ని మతాల వాళ్లూ దాదాపు ఇలాగే చెబుతారు. వందలో ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. నిద్ర వేళలు మారేవాళ్లకు, నిద్ర చాలనివాళ్లకు, టెన్షన్‌లో ఉన్నవాళ్లకు, వెల్లకిలా పడుకునేవాళ్లకు ఎక్కువ. నువ్వు రాసినదాంట్లోనే ఒక మాట ఉంది, గమనించావో లేదో: "నైట్ షిఫ్ట్ వారంలో ఒకసారి పట్టపగలు రెండింటికి కూడా వచ్చింది." ఆ వచ్చేది చీకటిని పట్టి రావట్లేదు, నీ నిద్రను పట్టి వస్తోంది.

ఇలా అంటే కొందరు విశ్వాసులకు నచ్చదు. దెయ్యాన్ని రోగం అంటున్నావు, నీకు వాక్యం మీద నమ్మకం లేదా అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను మత్తయి 4:24 తీసి చూపిస్తాను. యేసు దగ్గరికి తెచ్చినవాళ్లలో "దయ్యముపట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని" అని విడివిడిగా రాసి ఉంది. చాంద్రరోగులు అంటే ఫిట్స్ వచ్చేవాళ్లు. రెండు వేల ఏళ్ల కిందట రాసినవాళ్లే ఆ తేడా చూశారు, మనం కలిపేయడం ఎందుకు? పదో తరగతి చదివే ఒక పిల్లను మా ప్రార్థనకు తెచ్చారు. అప్పటికే వేరే చోట జుట్టు పట్టుకుని ఊపారు, మెడ మీద గోళ్ల గుర్తులు ఉన్నాయి. నేను నోరు తెరిపించి చూస్తే నాలుక పక్కన కొరుక్కున్న గాయం. ఫిట్స్. మా వారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, నేను మర్నాడు పొద్దున్నే బస్సెక్కించి నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. మాత్రలు వాడి డిగ్రీ పూర్తి చేసింది. ఆ పిల్లకు విడుదల దొరకలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మరి ఆత్మీయ దాడి అనేదే లేదా? ఉందమ్మా. బైబిలు నమ్మేదాన్ని, లేదని ఎలా అంటాను? అది ఎక్కడ జరుగుతోందో మనం తప్పుగా చూస్తున్నాం, అంతే.

ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మనందరికీ కంఠతా వచ్చు, అపవాదిని ఎదిరించడానికి దేవుడిచ్చే సర్వాంగ కవచం. అది ఏ ఊరి వాళ్లకు రాశాడో ఒకసారి ఆలోచించు. ఎఫెసు ఇప్పటి టర్కీలో ఉంది. అర్తెమి దేవి గుడి ఉన్న ఊరు, మంత్రాలకు పేరు మోసిన ఊరు. "ఎఫెసు అక్షరాలు" అని అర్థం తెలియని ఆరు మాటలు ఉండేవి. జనం వాటిని చెడు తగలకుండా జపించేవాళ్లు, తాయెత్తులా ఒంటి మీద ఉంచుకునేవాళ్లు. పౌలు అక్కడ తురన్ను పాఠశాలలో రెండేళ్లు బోధించాడు. మాంత్రిక విద్య చేసినవాళ్లు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందు తగలబెట్టారు, వాటి వెల యాభై వేల వెండి రూకలు అని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. అంటే ఆ సంఘంలో కూర్చున్నవాళ్లు నీలాగే గడప ముందు ఏం పడిందోనని భయపడుతూ పెరిగినవాళ్లు.

అలాంటి వాళ్లకు పౌలు ఏ మంత్రానికి ఏది విరుగుడో రాయలేదు. నిలబడమన్నాడు. 13, 14 వచనాలు చూడు, "నిలువబడుటకును", "నిలువబడుడి". వెళ్లి దెయ్యాలను వెతికి కొట్టమని చెప్పలేదు. నీ ఇంటికి ఎవరు ఏం చేశారో కనిపెట్టమని చెప్పలేదు. కొలొస్సయి 2:15 ప్రకారం సిలువ మీద క్రీస్తు ఆ చీకటి శక్తులను ఎప్పుడో నిరాయుధులను చేశాడు. గెలిచిన నేల మీద కాళ్లు ఊని ఉండటమే నీ పని. మా పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఇంటి పట్టా ఉదాహరణ చెబుతాను. పట్టా నీ పేరున ఉన్న ఇంట్లో ఎవడో వచ్చి ఖాళీ చెయ్యమని అరిస్తే, వాడితో రాత్రంతా వాదించక్కర్లేదు. కాగితం చూపించి తలుపు వేసుకోవచ్చు.

ఆ కవచంలో ఉన్న డాలు గురించి కూడా ఒక మాట. పౌలు వాడిన గ్రీకు మాటకు మూలం తలుపు అనే మాట. రోమా సైనికుడి పెద్ద డాలు నిజంగా తలుపులా ఒళ్లంతా కప్పేది. చెక్క మీద తోలు కప్పి చేసేవాళ్లు. పక్కపక్కన నిలబడి డాళ్లు కలిపి గోడలా పట్టేవాళ్లు. ఒంటరిగా ఉన్నవాడికి పక్కల నుంచి బాణం తగులుతుంది. నీ సంఘంలో ఒక్కరికైనా ఈ సంగతి చెప్పావా? నీ ఉత్తరంలో అత్తగారు ఉన్నారు, ఆ దైవజనుడు ఉన్నారు, నీ సొంత పాస్టర్ గారి పేరే లేదు.

ఇక ఆ డాలుతో ఆర్పమని పౌలు చెప్పిన దుష్టుడి అగ్నిబాణాలు ఏమిటి? నా అనుభవంలో అవి మాటల రూపంలో వస్తాయి. "దేవుడు నిన్ను వదిలేశాడు." "నీలో ఏదో పాపం ఉంది, అందుకే ఇలా." "నీ బిడ్డకు కూడా జరుగుతుంది." మూలన నిలబడ్డ ఆకారం రెండు నిమిషాల్లో పోయింది, కానీ ఈ మాటలు పొద్దున ఆఫీసు క్యాబ్‌లో కూడా నీ పక్క సీట్లో కూర్చున్నాయి. నువ్వు ఎదిరించాల్సింది వీటినమ్మా. అరణ్యంలో 40 రోజుల ఆకలి మీద ఉన్నప్పుడు యేసుకు వచ్చింది కూడా ఇలాంటి మాటే: "నీవు దేవుని కుమారుడవైతే." ఆయన మూడుసార్లూ ద్వితీయోపదేశకాండము నుంచే, "అని వ్రాయబడియున్నది" అని జవాబు చెప్పాడు. గొంతు పెంచలేదు, గంటల తరబడి వాదించలేదు.

ఇప్పుడు నీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. నీ తోడికోడలి సంగతి.

నిమ్మకాయ కనిపించిన రోజు నుంచి ఆవిడతో మాట్లాడటం మానేశానని రాశావు. బాబును మేడ మీదకు పంపడం లేదన్నావు. ఆవిడ ఇచ్చిన గోంగూర పచ్చడి పారబోశానన్నావు. నువ్వు కంఠతా చెప్పే ఆ అధ్యాయంలోనే 12వ వచనం "మనము పోరాడునది శరీరులతో కాదు" అంటుంది. తోడికోడలు శరీరి, అంటే మనిషి. అదే పత్రికలో 4వ అధ్యాయానికి వెళ్తే "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు. అపవాదికి చోటియ్యకుడి" అని ఉంది. పత్రిక మొత్తంలో అపవాదికి, అంటే సాతానుకు, చోటు దొరికే దారి అని పౌలు పేరు పెట్టి చూపించింది ఇదే. నిమ్మకాయ గురించి అనలేదు. పొద్దు గూకాక కూడా మనసులో పెట్టుకున్న కోపం గురించి అన్నాడు. ఆ ఇంట్లో దాడి జరిగిందా అని అడిగితే, అవును జరిగింది అంటాను. నీ గదిలో కంటే మేడ మెట్ల దగ్గరే జరిగింది. నిమ్మకాయ కనిపించిన రోజు నుంచి రెండు కుటుంబాల మధ్య తలుపు మూసి ఉంది.

మన రాష్ట్రాల్లో చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టారు, పళ్లు పీకారు, చంపేశారు కూడా. అన్నీ గుసగుసతోనే మొదలయ్యాయి. అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

ఆ నిమ్మకాయ అసలు నీ కోసం వేసిందేనా? మన వీధుల్లో తల్లులు పిల్లలకు దిష్టి తీసి కూడలిలో, దారిలో పడేస్తారు. ఏ తల్లో జ్వరం వచ్చిన తన బిడ్డ కోసం చేసుకున్నది కుక్క లాక్కొచ్చినా, కాలితో తన్నినా నీ గడప దగ్గరికి రావచ్చు. వాళ్ల నమ్మకాన్ని తక్కువ చేసి మాట్లాడక్కర్లేదు, నువ్వు దానికి భయపడనూ అక్కర్లేదు. ఇంకోసారి కనిపిస్తే కాగితంతో తీసి చెత్తబుట్టలో వెయ్యి, నీళ్లు పోసి గడప కడుగు, చేతులు కడుక్కుని బాబుకు అన్నం పెట్టు. ఒకవేళ నిజంగానే ఎవరో చెడు తలపెట్టి వేశారనుకో. డబ్బిస్తానంటే ఇశ్రాయేలును శపించడానికి వచ్చిన బిలాము ఏమన్నాడు? "ఏమని శపింపగలను? దేవుడు శపింపలేదే." సామెతలు 26:2లో "హేతువులేని శాపము తగులకపోవును" అని ఉంది, గాలిలో తిరిగే పిచ్చుక వాలకుండా పోయినట్టు.

శాపం ఉందని చెప్పి కానుక అడిగిన ఆయన గురించి ఎక్కువ రాయను. క్రీస్తు మన కోసం శాపమై మనల్ని విమోచించాడని గలతీ 3:13లో ఉంటే, దాన్ని తీయడానికి మళ్లీ సొమ్ము ఎందుకు? నూనె రాసి ప్రార్థించడం యాకోబు పత్రికలో ఉంది, నేను కాదనను. కానీ సీసా కొని గుమ్మానికి పూస్తే దెయ్యం రాదనుకోవడం తాయెత్తు కట్టుకోవడమే, పేరు మారిందంతే. "యేసు రక్తమే జయం" అని వందసార్లు అనకపోతే ఏదో అవుతుందని భయపడటం కూడా అంతే. ఎఫెసులోనే స్కెవ అనే యూదుల యాజకుడి కొడుకులు ఏడుగురు దయ్యం వదిలించడానికి యేసు పేరును అలాగే మంత్రంలా వాడారు, ఒంటి మీద బట్టలు లేకుండా దెబ్బలు తిని పారిపోయారు. నీకు ఆయన పేరు మంత్రం కాకూడదు. బిడ్డ అమ్మా అన్నట్టు ఒక్కసారి అన్నా చాలు.

ఉపవాసం సంగతి. నైట్ షిఫ్ట్ చేస్తూ, నిద్ర లేక, పైగా 21 రోజులు తిండి తగ్గించావు. ఏలీయా ప్రవక్త యెజెబెలు రాణికి భయపడి పారిపోయి బదరీ వృక్షం కింద చచ్చిపోతానని పడుకుంటే, దూత వచ్చి విశ్వాసం ఏమైందని గద్దించలేదు. తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. కర్మెలు కొండ మీద అగ్ని దింపిన ప్రవక్తకే దేవుడు ముందు అన్నమూ నిద్రా ఇచ్చాడు. నువ్విప్పుడు కడుపునిండా తిను.

ఈ రాత్రి నుంచి ఇలా చేసి చూడు. పక్కకు తిరిగి పడుకో, వెల్లకిలా వద్దు. పడుకునే గంట ముందు ఫోను హాల్లో పెట్టెయ్, ముఖ్యంగా దెయ్యం వదిలిందని చెప్పే విడుదల సాక్ష్యాల వీడియోలు రాత్రిపూట చూడకు. సాయంత్రం నుంచి టీ, కాఫీ మానెయ్. షిఫ్ట్ మారకుండా ఒకే వేళ ఇవ్వమని మీ మేనేజరును అడుగు, డాక్టర్ చీటీ ఉంటే సులువు. పడుకునే ముందు బాబు చెయ్యి పట్టుకుని 4వ కీర్తన చివరి వచనం పైకి చెప్పు: "యెహోవా, నెమ్మదితో నేను పండుకొని నిద్రపోవుదును, నేను ఒంటరిగా నుండినను నీవే నన్ను సురక్షితముగా నివసింపజేయుదువు." మీ ఆయన ఊళ్లో లేని ఇంటికి ఇంతకంటే సరిపోయే మాట నాకు దొరకలేదు.

మళ్లీ వస్తే? రావచ్చు, ఒక్క రోజులో ఆగదు. ఒళ్లంతా కదిలించాలని పెనుగులాడకు, దానివల్ల భయం పెరుగుతుంది. "ఇది ఏమిటో నాకు తెలుసు, ఇది పోతుంది, యేసయ్యా నువ్వు ఇక్కడే ఉన్నావు" అని మనసులో అనుకుంటూ ఒక్క కాలి బొటనవేలు కదపడానికి చూడు. ఊపిరి నెమ్మదిగా వదులు. పెదవి కదలకపోతే ప్రార్థన వినబడదని అనుకోకు, హన్నా ప్రార్థించినప్పుడు ఆమె స్వరం కూడా ఎవరికీ వినబడలేదు.

ఈ వారంలోనే ఒకసారి డాక్టర్‌ను కలిసి రక్తం శాతం, థైరాయిడ్, బీపీ చూపించుకో. పగలు కూడా గుండె దడ, చెమటలు పడుతున్నాయన్నావు కదా, అది ఆందోళన జబ్బు కావచ్చు, దానికి మంచి వైద్యం ఉంది. మాత్రలు రాస్తే వేసుకో, ఎవరో చెప్పారని మధ్యలో ఆపకు. ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆ నంబరుకు చెయ్యి, మీ ఆయనకూ చెప్పు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీ పాస్టర్ గారిని, పాస్టరమ్మ గారిని కలిసి నాకు రాసిందంతా వాళ్లకు చెప్పు. సంఘంలో పెద్దావిడ ఎవరినైనా నాలుగు రాత్రులు మీ ఇంట్లో తోడు పడుకోమని అడుగు. అడగడానికి మొహమాటపడకు, మాలాంటి ముసలివాళ్లకు అది సంతోషం.

మేడ మెట్లు మాత్రం ఆదివారం దాకా ఆగకుండా రేపే ఎక్కు. ఏమీ నిలదీయకు, నిమ్మకాయ ఊసు ఎత్తకు. బాబును చంకనేసుకుని వెళ్లి, "అక్కా, ఆ గోంగూర పచ్చడి ఇంకా ఉందా" అని అడుగు. ఆవిడ ఏమందో నాకు రాయి.